ఇద్దరూ పడేట్టు

రోజూ పొద్దున్నే దేవుడి ముందు కూర్చుని సంకల్పం చెప్పుకునేటప్పుడు, గోత్రం దాటి నక్షత్రం దగ్గరికి వచ్చేసరికి శేషగిరి గొంతు కాస్త తడబడేది. జ్యేష్ఠా నక్షత్రం అని నోరు అనేది. నిజమేనా అని లోపల ఎవరో అడిగేవారు. ఏలూరు బజారులో స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకుని, పిల్లని చదివించి, తీర్థాలూ వ్రతాలూ లోటు లేకుండా జరుపుకుని అరవై దాటిన మనిషి. దేవుడి ముందు ఒక్క అబద్ధం ఆడలేదు అని చెప్పుకోవాలంటే మాత్రం ఆ ఒక్కచోట ధైర్యం చాలేది కాదు.

శేషగిరి కవలల్లో ఒకడు. జ్యేష్ఠ వెళ్ళి మూల వచ్చే సంధిలో పుట్టారు ఇద్దరూ. ముందు పుట్టినవాడిది జ్యేష్ఠ. వెనక పుట్టినవాడిది మూల మొదటి పాదం. అది తండ్రికి గండం అన్నారు సిద్ధాంతిగారు. పెద్దవాడికి శేషగిరి, చిన్నవాడికి వెంకటాద్రి అని పేర్లు పెట్టారు. మూడో నెలలో ఒక బిడ్డ పోయాడు. పోయినవాడు మూలలో పుట్టినవాడే, గండం వాడితోనే పోయింది అని శేషగిరి నాయనమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. కానీ శేషగిరి ఒకటో తరగతిలో ఉండగానే తండ్రి కోటిలింగం టైఫాయిడ్‌తో కన్నుమూశాడు. ఆ రోజు పెరట్లో స్నానాలు చేస్తున్న ఆడవాళ్ళలో ముసలి మంత్రసాని పక్కావిడతో, "పోయిందెవరో ఉన్నదెవరో ఆ అత్తగారికే ఎరుక తల్లీ" అంది. తడి నిక్కరుతో గోడ వారన నిలబడ్డ పిల్లవాడు ఆ మాట విన్నాడు. విన్నవాడు మరిచిపోలేదు.

పెళ్ళికి ముందు ఒకసారి తల్లిని అడిగాడు. మాణిక్యమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి, "దీపం ముందు మీ నాయనమ్మకి మాటిచ్చాను. నన్నడక్కు. నాకు ఇద్దరూ ఒకటే" అని లేచి వెళ్ళిపోయింది. ఇప్పుడు అడుగుదామన్నా ఆమెకి మాట లేదు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. చెవులు మాత్రం పాము చెవులు.

ఆ సంగతి తెలిసినది ఇంకొకటే ఉంది. రేకుడబ్బాలో రీలు.

మాణిక్యమ్మ తమ్ముడు పట్టాభి ఓడల్లో కరెంటు పని చేసేవాడు. ఏ దేశంలోనో కీ ఇచ్చి తిప్పే చిన్న సినిమా కెమెరా కొన్నాడు. మేనల్లుళ్ళ బారసాలకి వచ్చి రీలంతా తీశాడు. కడిగించడానికి బొంబాయి పంపితే, అది తిరిగొచ్చేలోపు ఒక బిడ్డ పోయాడు. ఎవరికి మనసొప్పుతుంది చూడ్డానికి? మాణిక్యమ్మ ఆ డబ్బాని దేవుడి అలమరలో కర్పూరం పొట్లం పక్కన పెట్టేసింది. ప్రతి దసరాకీ కత్తిపీటతో, కొట్టులో కాటాతో పాటు దానికీ పసుపు రాసి బొట్టు పెట్టేది. తెరిచింది లేదు.

పట్టాభి మంచం పట్టాక మేనల్లుణ్ణి పిలిచి చెప్పాడు. "చెవిలో పేరు చెప్పేముందు మీ నాన్న పైకే అడిగాడ్రా, మచ్చ ఉన్నవాడికి ఏ పేరండీ అని. పంతులుగారు చెప్పారు. కెమెరా చెవి పక్కన గిరగిరమంటుంటే నాకు వినబడి చావలేదు."

శేషగిరికి కుడిచెవి కింద కందిగింజంత మచ్చ ఉంది. ఆ మచ్చకి పంతులుగారు ఏ పేరు చెప్పారో తెలిస్తే చాలు. అయితే ఏం లాభం, అది మూగ రీలు.

మూగది కాదని కనిపెట్టింది ఆయన కూతురు హైమ.

హైమది వంతెనలు ఎంత అదురుతున్నాయో కొలిచే లేబరేటరీలో ఉద్యోగం. ఎవరూ ఎప్పుడూ వెయ్యని ఒక పాత వంతెన ప్రారంభోత్సవం ఫిల్ము పరీక్షకి వస్తే ఆమెకి ఒక సంగతి తట్టింది. కెమెరా లోపల ఫిల్ము డప్పు మీద తోలులా బిగుతుగా నిలబడుతుంది. ఎదుట మాట్లాడుతుంటే ఆ మాటలకి అదురుతుంది. అదురుతూనే వెలుగు తాగుతుంది. అంటే బొమ్మతో పాటు ఆ అదురు కూడా ఫిల్ము రేణువుల్లో ఎక్కడో ఉండాలి. సన్నటి నీలం వెలుగుతో గీకినట్టు చదివితే, కెమెరా రొద తీసేశాక, సుత్తి దెబ్బలు వినిపించాయి. తరవాత ఎవరో "జరగండయ్యా" అని కసరడం. తీసినవాళ్ళూ కసిరినవాళ్ళూ పోయి ఎన్నాళ్ళయిందో.

సెలవు పెట్టి ఇంటికొచ్చి, మామ్మ గది పక్క గదిలో భోజనాల బల్ల మీద సొంత మిషను బిగించుకుంది. కుట్టుమిషను మోటారు, టేప్‌రికార్డరు చక్రాలు, గుండ్రటి గాజు వెనక కెమెరా. తెల్ల దీపం వేస్తే బొమ్మలు ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కుతాయి. నీలం దీపం వేస్తే శబ్దం.

మొదట పట్టాభి తీసిన మిగతా రీళ్ళు ఎక్కించింది. మెత్తటి బట్టతో తుడవడం, చిరిగిన చోట అతకడం, మడత పడ్డ చోట ఊపిరి బిగబట్టి వేలితో నడిపించడం. పులిసిన వాసన ఇల్లంతా కొట్టింది.

"హైమా, నిన్న ఊరగాయ జాడీ మూత పెట్టలేదేమో చూడవే" అంది వంటింట్లోంచి తల్లి కామేశ్వరి.

"అది ఊరగాయ కాదమ్మా, పట్టాభి తాతయ్య సముద్రం."

మామ్మ గదిలోని టీవీలో విశాఖపట్నం ఓడరేవు తెల్లవారింది. కానీ ఆకాశం మధ్యలో ఒక ఎర్రటి చుక్క. ఓడ కదిలినా చుక్క కదల్లేదు. హైమ మిషను దగ్గరికి వెళ్ళి చూసి నెత్తి కొట్టుకుంది.

"నాన్నా! దీనికి బొట్టు పెట్టావా?"

"కొత్త మిషను కదమ్మా. పొద్దున్న పూజయ్యాక పెట్టాను. గుండ్రంగా నుదురులా ఉందని."

"అది నుదురు కాదు నాన్నా, కన్ను!"

మంచం మీద మాణిక్యమ్మ భుజాలు కదిలాయి. నవ్వడం ఆమెకి ఇంకా వచ్చు. హైమ గాజు తుడిచింది. అలమరలోంచి పసుపు పట్టిన ఆ డబ్బా దించి తెచ్చేసరికి మాణిక్యమ్మ నవ్వు ఆగిపోయింది. పనిచేసే ఎడమచెయ్యి ఎత్తి రెండు వేళ్ళు చూపించింది. డబ్బా వైపు, తన కళ్ళ వైపు, మళ్ళీ రెండు వేళ్ళు.

ఇద్దర్నీ చూడాలి. ఆ ఇంట్లో అర్థం కానివాళ్ళు లేరు. శేషగిరి మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మంచిదే అయింది నాన్నా," అంది హైమ గది బయటికి వచ్చాక. "ఈ రీలు ఇంతవరకు ఎవరూ వెయ్యలేదు, కనక ఇందులో మాటలు ఉంటాయి. ప్రొజెక్టరు దీపం ఒక్కసారి పడితే ఆ అదురంతా చెదిరిపోతుంది. బిగించి చుట్టి ఉంది కాబట్టి లోపలికి వెలుగు పోలేదు."

"అయితే ముందు మాటలు తీసి తరవాత బొమ్మలు తియ్యి."

హైమ తల అడ్డంగా ఊపింది. "అదే కుదరదు. నీలం వెలుగు పడ్డ మేర బొమ్మ పోతుంది. కడిగిన గాజులా అయిపోతుంది. తెల్ల వెలుగు పడితే మాట పోతుంది. ముందు ఏ వెలుగు పడితే దానిదే ఆ రీలు."

లేబరేటరీకి ఒక పెద్దాయన ఎప్పుడూ వేసి చూడని తన పెళ్ళి రీలు తెచ్చాడట. భార్య పోయింది, గొంతు వినాలన్నాడట. హైమ వాళ్ళు ఉత్సాహం కొద్దీ చదివేశారు. ఆవిడ దండ వెయ్యబోతూ, "వంగండీ, అందట్లేదు" అంది. ఆయన పొంగిపోయాడు. ఆ తరవాత, ఏదీ ఇప్పుడు బొమ్మ చూపించండి అన్నాడు. వీళ్ళ చేతిలో ఉన్నది ఖాళీ ఫిల్ము. ఆయన దాన్ని కిటికీకి అడ్డంపెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడట, మరెక్కడైనా మిగిలిందేమో అని.

"చెప్పకుండా చేశాం. అప్పట్నించి అడగందే ముట్టుకోకూడదనుకున్నాను. అందుకే అడుగుతున్నాను. మాటా, బొమ్మా?"

"పేర్లు పెట్టిన ముక్క వరకు మాట తీసి, మిగతాది..."

"ఏ ముక్క ఎక్కడుందో వెలుగు వేసి చూస్తేగా తెలిసేది? వేస్తే పోయింది."

శేషగిరి పైకండువా తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "మాట," అన్నాడు.

ఆ మాట అన్న మర్నాడే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. మాణిక్యమ్మకి నీటికాసులు. మందులు వేస్తున్నా చూపు అంచుల నించి మూసుకుపోతోంది. డాక్టరు ఆమెని బయట కూర్చోబెట్టించి, "ఇంక ఎన్నో రోజులు ఉండదండీ. చూడాలనుకున్నవాళ్ళని పిలిపించి చూపించండి" అన్నాడు.

ఇంటికొచ్చి పీటమీద కూర్చోబోతున్న మొగుణ్ణి కామేశ్వరి కూర్చోనివ్వలేదు.

"విన్నారుగా? ఆవిడ వేళ్ళు చూపించినప్పుడల్లా మొహం దాచుకుంటున్నారు. ఎన్నాళ్ళు దాచుకుంటారండీ?"

"నీకు తెలీదు కామేశ్వరీ."

"నాకు తెలిసింది చాలు. మీరు మూలలో పుట్టినా ముంతలో పుట్టినా నేను చేసుకున్నది మిమ్మల్నే."

"మా నాన్న పోయింది నా వల్ల అయితే?"

హైమ అందుకుంది. "టైఫాయిడ్‌కి నక్షత్రాలు తెలుస్తాయా నాన్నా? ఆ ఏడు ఈ వీధిలో ఎంతమంది పోయారో మామ్మే చెప్పేది. వాళ్ళందరి పిల్లలూ మూలేనా?"

"నువ్వు చదువుకున్నావు. నువ్వు చెప్పేదే నిజం కావచ్చు. నేను కాదనను." శేషగిరి గొంతు తగ్గించాడు. "కానీ ఆయన తద్దినం నాడు పిండం పట్టుకున్నప్పుడు ఈ చెయ్యి వణుకుతుందమ్మా. ఆ వణుక్కి నీ చదువు సరిపోవట్లేదు. కాదని తేలితే ఆగుతుంది. అవునని తేలినా, ఏ శాంతో చేసుకుని కాళ్ళమీద పడతాను. ఏదో ఒకటి తేలాలి."

కామేశ్వరి అత్తగారికి కళ్ళ మందు వెయ్యడానికి వెళ్ళింది. వేస్తూ వేస్తూ గట్టిగానే అంది, బయట మొగుడికి వినబడాలనే. "మీరు స్వామికి పడ్డ బాకీ తీరలేదు అత్తయ్యా, మేం మీకు పడ్డ బాకీ తీరేట్టు లేదు."

ఆ బాకీ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కవలలు పుట్టగానే ఇద్దరి పుట్టువెంట్రుకలూ చిన్న తిరుపతి వెంకన్నకే ఇస్తానని మాణిక్యమ్మ మొక్కుకుంది. ఇచ్చింది ఒకరివే. నోరున్నన్నాళ్ళూ కొండకి వెళ్ళినప్పుడల్లా తలనీలాలు తీసేచోట ఒక్క క్షణం ఆగి, "ఒక తల బాకీ ఉన్నాను స్వామీ" అని దణ్ణం పెట్టుకుని కదిలేది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక హైమ కిటికీలకి దుప్పట్లు కట్టింది. తలుపు సందుల్లో పాత చీరలు దోపింది. గదిలో చెయ్యి చాస్తే చెయ్యి కనబడలేదు. తండ్రి కూర్చున్న కుర్చీని మిషను దగ్గరికి జరిపి, ఆయన వేలు పట్టుకుని ఒక మీట మీద పెట్టింది.

"ఇది నొక్కితే ఆగుతుంది. ఏమన్నా అయితే ఆలోచించకు, నొక్కెయ్యి. రీలు చిన్నది నాన్నా, చూస్తుండగానే అయిపోతుంది."

డబ్బా మూత కీచుమంటూ వచ్చింది. కర్పూరం వాసన గుప్పుమంది. ఇన్నేళ్ళూ అలమరలో పక్కనే ఉండి ఆ కర్పూరమే ఫిల్ముని పెళుసెక్కకుండా కాపాడింది కాబోలని హైమ గొణిగింది. చీకట్లోనే వేళ్ళతో కొస వెతికి చక్రాలకి తగిలించింది.

"వెయ్యనా?"

శేషగిరి మనసులో వెంకన్నని తలుచుకున్నాడు. ఏమని అడగాలో తెలియక ఊరికే తలుచుకున్నాడు. "వెయ్యమ్మా."

సూదిమొనంత నీలం వెలుగు వెలిగింది. దాని ముందు నించి ఫిల్ము కదులుతోంది. అటునించి నల్లగా వస్తోంది, ఇటు తేటగా వెళ్ళిపోతోంది. పోతున్నదేమిటో ఆయనకి తెలుసు. స్పీకరులో మొదట గిరగిర. హైమ ఏదో తిప్పింది. గిరగిర సన్నబడింది. దాని వెనక, దూరంగా, నూతిలోంచి వచ్చినట్టు ఆడవాళ్ళ నవ్వులు.

"దిష్టి తగిలేను, బుగ్గన చుక్క పెట్టండే."

"ఏ పిల్లాడికే?"

"ఇద్దరికీ పెడితే నీ కాటిక అరిగిపోద్దా?"

మళ్ళీ నవ్వులు. వీళ్ళలో ఒక్కరూ ఇప్పుడు లేరు. అంతలో చెవి పక్కనే అన్నంత దగ్గరగా పట్టాభి గొంతు, ఇంకా మీసాలు సరిగా రాని గొంతు.

"అక్కా, ఇటు చూడు. నవ్వు."

"నన్ను కాదురా తమ్ముడూ, పిల్లల్ని తియ్యి."

ఆ గొంతు ఎవరిదో ఆయనకి ఒక్క క్షణం తెలియలేదు. పాలపొంగులాంటి పడుచు గొంతు. తెలిశాక స్పీకరు వైపు వంగాడు.

"ఇద్దరూ పడేట్టు తియ్యరా. ఒకణ్ణి తీసి ఒకణ్ణి వదిలెయ్యకు. ఇద్దరూ పడేట్టు."

గోడ అవతల ధన్‌మని చప్పుడు. ఇంకోటి. అరచేత్తో మంచంకోడు మీద కొడుతున్న చప్పుడు. పోయిన తన గొంతు తనకే వినబడింది ఆమెకి. ఇక్కడ స్పీకరులో పంతులుగారు దగ్గారు. "కోటిలింగంగారూ, బియ్యప్పళ్ళెం ఇలా పట్టుకురండి. పేర్లు రాద్దాం."

"వస్తోంది నాన్నా, ఇప్పుడే..." హైమ తండ్రి భుజం పట్టుకుంది.

అడుగుల చప్పుడు. పళ్ళెం కింద పెట్టిన చప్పుడు. తరవాత ఒక మగగొంతు, గరగరగా, నవ్వుతూ. "ఇదిగోనండీ పంతులుగారూ, ఈ మచ్చ ఉన్న..."

శేషగిరి మీట నొక్కాడు.

చక్రాలు ఆగాయి. నీలం వెలుగు ఆరింది. చీకట్లో ఇద్దరి ఊపిరీ వినబడుతోంది. అవతల మంచంకోడు మీద చప్పుడూ ఆగిపోయింది.

"నాన్నా, ఇంకొక్క జానెడు. అంతే. ఆ తరవాత ఆపినా..."

"ఆ జానెడులోనే వాళ్ళిద్దరూ ఉన్నారేమోనమ్మా."

"లేకపోతే?"

"ఉంటే?" ఆయన ముక్కు ఎగబీల్చాడు. "మా నాన్న గొంతు విన్నాను. నా వాటా నాకు వచ్చింది. అమ్మ వాటా కూడా కాల్చేస్తే ఎలా? తెల్ల దీపం వెయ్యి."

హైమ వెంటనే వెయ్యలేదు. తండ్రి మనసు మారుతుందేమో అని కాస్త ఆగింది. మారలేదు. అప్పుడు వేసింది.

సాయంత్రం టీవీ ముందు మాణిక్యమ్మని తలగడలు పెట్టి కూర్చోబెట్టారు. ఆమెకి దూరం ఆనదు కాబట్టి కుర్చీ బాగా దగ్గరికి జరిపారు. మొదట కాసేపు ఏమీ లేని తెలుపు. పోయిన ముక్క అది. ఆ తెలుపులోంచి ఒక్కసారిగా పూలదండలు కట్టిన ఉయ్యాల, పళ్ళెం, దాని పక్కన పచ్చటి మనిషి, కోటిలింగం. ఒళ్ళో బిడ్డని పెట్టుకుని వంగి చెవిలో ఏదో చెప్పాడు. అతని పెదవులు బిడ్డ తల వెనక ఉన్నాయి. పంతులుగారు తెర బయట ఎక్కడో ఉన్నారు. రెండో బిడ్డనీ ఎత్తుకున్నాడు. మళ్ళీ వంగాడు. ఏ చెవిలో ఏ పేరు పడిందో తెరకి తెలుసు, చెప్పదు.

శేషగిరి కళ్ళార్పకుండా చూస్తున్నాడు. అప్పుడు కోటిలింగం లేచి నిలబడ్డాడు. ఆ చేతిలో ఒకణ్ణి, ఈ చేతిలో ఒకణ్ణి ఎత్తుకుని కెమెరా వైపు తిరిగి నోరంతా తెరిచి నవ్వాడు. ఒకడి బుగ్గ మీద ముక్కు రాశాడు. రెండోవాడి బుగ్గ మీదా రాశాడు. ఆ ఇద్దరిలో ఒకడు తనకి గండమని అప్పటికే ఆయనకి చెప్పి ఉన్నారు. తెలిసి ఎత్తుకున్న చేతులు అవి. ఏ ఒక్కణ్ణీ కాస్త దూరంగా పట్టుకోలేదు.

తెర మీద ఒక లేత ఎర్రటి చుక్క తేలుతోంది. పట్టాభి కెమెరా తిప్పినప్పుడు అది ఒక బిడ్డ నుదుటి మీదికి వచ్చింది. ఇంకాస్త తిప్పితే రెండో బిడ్డ నుదుటి మీదికి.

"తుడిచాననుకున్నాను," అంది హైమ చిన్నగా.

"ఉండనీ," అన్నాడు శేషగిరి.

మాణిక్యమ్మ ముందుకి వంగింది. ఎడమచెయ్యి చాచి టీవీ అద్దం మీద ఒక తల నిమిరింది, తరవాత రెండోది. వెనక్కి తిరిగి కొడుకుని చూసింది. ఇంక ఆమె మాటిచ్చిన అత్తగారు లేదు, ఇద్దరూ తెర మీదే ఉన్నారు, అడిగితే వేలితో చూపించగలదు. అతను అడుగుతాడేమోనని ఎదురుచూస్తున్నట్టే ఉంది. శేషగిరి అడగలేదు. "మళ్ళీ వెయ్యనా అమ్మా?" అన్నాడు అంతే. చూపు మసకబారేదాకా ఆ వారమంతా వేస్తూనే ఉన్నారు.

ఆ పై శనివారం కారు మాట్లాడుకుని చిన్న తిరుపతి వెళ్ళారు. తలనీలాలు తీసేచోట మాణిక్యమ్మని చక్రాల కుర్చీలో పక్కనే ఉంచారు. శేషగిరి చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాడు. క్షవరం చేసే అతను నెత్తి మీద నీళ్ళు చల్లి తడుపుతూ మాట కలిపాడు.

"మొక్కెవరిదండీ, మీదేనా?"

"మా అమ్మది."

"మీ కోసం మొక్కారా?"

"కాదు నాయనా. నాది ఎప్పుడో ఇచ్చేశారు. ఇది నా తోడబుట్టినవాడిది."

"అన్నగారిదా, తమ్ముడిదా?"

"తెలీదు," అన్నాడు శేషగిరి, తల వంచుతూ. "ఎవరైతేనేం, కానియ్యి."

అతను నవ్వి కత్తి ఆనించాడు. నెరిసిన జుట్టు తడి నేల మీద పడుతోంది. ఇంత నెరిసిన పుట్టువెంట్రుకలు స్వామి ఎన్నడూ పుచ్చుకుని ఉండడు అనుకున్నాడు శేషగిరి. నవ్వొచ్చింది, కళ్ళు తడిశాయి. గుడిలో పంతులుగారు నక్షత్రం అడిగితే రెండూ చెప్పాలి అనుకున్నాడు. జ్యేష్ఠా, మూలా. ఇద్దరూ పడేట్టు.

లేచి వెళ్ళి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమెకి ఇప్పుడు మసకే. ఎడమచెయ్యి గాలిలో వెతుక్కుంటూ వచ్చి చల్లటి బోడితల మీద ఆగింది. ముందునించి వెనక్కి ఒకసారి నిమిరింది. రెండు వేళ్ళు ఎత్తబోయింది, సగంలోనే ముడిచేసింది. ఆ చేత్తోనే గోపురం వైపు దణ్ణం పెట్టింది.